ఆ వైరు ఎవరిదో కార్పొరేషనే చెప్పాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మాది హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక కాలనీ. మా వీధి మలుపులో ఉన్న కరెంటు స్తంభానికి ఎన్ని కేబుల్ వైర్లు ఉన్నాయో ఒకరోజు నిలబడి లెక్కపెట్టాను. 14 తేలాయి. వాటిలో ఒక్కదానికే కంపెనీ పేరు రాసిన ట్యాగ్ ఉంది. పోయిన వానాకాలంలో వాటిలో ఒక వైరు జారి నడుము ఎత్తులో వేలాడింది. రాత్రిపూట కాలేజీ నుంచి వస్తున్న మా చిన్నబాబు స్కూటీ హ్యాండిల్‌కు అది చుట్టుకుంది. పడిపోయాడు. మోచేతికి 6 కుట్లు వేశారు.

మర్నాడు మా కేబుల్ అబ్బాయిని పిలిస్తే వచ్చి చూసి, "ఇది మాది కాదమ్మా, ఎవరో ఎప్పుడో వదిలేసిన వైరు" అన్నాడు. లైన్‌మన్‌ను అడిగితే కేబుల్ వాళ్లనే అడగమన్నాడు. వార్డు ఆఫీసుకు వెళ్తే, స్తంభం కరెంటు వాళ్లది కాబట్టి తమకు సంబంధం లేదన్నారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు. వైరు మాత్రం అక్కడే ఉంది.

మా పక్కనే ఉన్న రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు సోకి 5గురు చనిపోయారు. ఆ వార్త విన్న రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ తర్వాత నగరమంతా స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించుకుంటూ పోయారు. చాలా ఇళ్లలో టీవీ, ఇంటర్నెట్ ఆగిపోయాయి. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాలు పోయాక కఠినంగా ఉండటం తప్పని నేను అనను. కానీ ఏది పనిచేసే వైరో, ఏది పాతదో, ఎవరు స్తంభానికి అద్దె కడుతున్నారో, ఎవరు కట్టడం లేదో చూడకుండా కోస్తే, మళ్లీ అదే స్తంభం మీద హడావుడిగా కొత్త వైరు వేలాడుతుంది. మా వీధిలో జరిగింది అదే.

కేబుల్ ఆపరేటర్‌గా రిజిస్ట్రేషన్ ఇచ్చేది కేంద్రం. ఇదివరకు హెడ్ పోస్టాఫీసులో చేసేవారు, 2025 నుంచి అంతా ఆన్‌లైన్. స్తంభం విద్యుత్ సంస్థది. రోడ్డు కార్పొరేషన్‌ది. అందుకే కార్పొరేషన్ వాళ్లు మాది కాదని చేతులు దులుపుకుంటున్నారు. కానీ 1995 నాటి కేబుల్ టీవీ చట్టానికి 2011లో చేసిన సవరణ చూడండి. ప్రభుత్వ సంస్థల స్థలంలో కేబుల్ వేయాలంటే ఆ సంస్థ అనుమతి కావాలి. స్థానిక సంస్థలు కూడా అందులోకే వస్తాయి. అనుమతి ఇచ్చేటప్పుడు సహేతుకమైన షరతులు పెట్టే వీలూ ఉంది. ఆ షరతులు పెట్టమనే నేను అడుగుతున్నాను. ప్రతి వైరుకూ పేరు, ఫోన్ నంబరు ఉన్న ట్యాగ్ ఉండాలి. ఎంత ఎత్తులో కట్టాలో చెప్పాలి. కనెక్షన్ ఆగిపోయిన వైరును ఫలానా గడువులోగా తీసేయాలి, లేకపోతే జరిమానా వేయాలి. ఏ వీధిలో ఎవరి కేబుల్ ఉందో వార్డు ఆఫీసులో ఒక రిజిస్టరు ఉంటే చాలు, మాలాంటి వాళ్లు ముగ్గురి చుట్టూ తిరగక్కర్లేదు.

వైర్లన్నీ భూమిలోకి పోవాలని అందరూ అంటారు. నిజమే. కానీ సొంతంగా తవ్వించుకునే స్తోమత చిన్న ఆపరేటర్లకు ఎక్కడిది? మా కేబుల్ అబ్బాయి వాళ్ల నాన్న కాలం నుంచీ ఇదే పని చేస్తున్నాడు, దాని మీదే ఇల్లు గడుస్తోంది. కొత్త రోడ్డు వేసేటప్పుడే కార్పొరేషన్ అందరికీ కలిపి ఒక పైపు వేసి, వాడుకున్నందుకు అద్దె తీసుకోవచ్చు. ఇప్పుడైతే రోడ్డు వేసిన కొన్నాళ్లకే ఎవరో ఒకరు వచ్చి తవ్వుతారు, ఆ గుంత పూడ్చేవాళ్లు ఉండరు.

ఈ వేసవిలో మా వీధికి సీసీ రోడ్డు వేస్తామని చెప్పారు. ఆ పనిలోనే పైపు కూడా వేయమని కాలనీ తరఫున అర్జీ ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. మలుపు దగ్గర జారిన వైరును మా వారు వెదురు కర్రతో పైకెత్తి ప్లాస్టిక్ తాడుతో కట్టారు. ఆయన కడుతున్నంతసేపూ నా ప్రాణం నా దగ్గర లేదు. దాన్ని తీసే బాధ్యత ఎవరిదో కార్పొరేషన్ మాకు రాతపూర్వకంగా చెప్పాలి, వానలు మొదలవకముందే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఉప్పల్, హైదరాబాద్