గాలి ట్యాంకు కట్టుకుని స్పియర్‌గన్‌తో (చేపల్ని కొట్టే ఈటె తుపాకీ) సముద్రంలోకి దిగేవాళ్లు తప్పక చదవండి

అన్నలూ, తమ్ముళ్లూ, మొన్న కళింగపట్నం దగ్గర మనవాడొకడు కోనాం (వంజరం చేప) వెంటపడి గేజ్ (ట్యాంకులో గాలి ఎంతుందో చూపే మీటరు) చూడటం మరిచిపోయాడు. గాలి అడుగంటాక గబగబా పైకొచ్చేశాడు. దేవుడి దయ, ఏమీ కాలేదు. అతన్ని తిట్టకండి, మనమూ నేర్చుకుందాం.

20 మీటర్ల లోతులో గాలి పైకన్నా 3 రెట్లు ఖర్చవుతుంది. చేప తగిలి పెనుగులాడితే ఇంకా ఎక్కువ. గేజ్ 100 బార్ (గాలి ఒత్తిడి కొలత) చూపగానే వేట ఆపేయండి. గురి కోసం ఊపిరి బిగబట్టడం ట్యాంకు లేకుండా మునిగేవాళ్ల పద్ధతి. స్కూబాలో, అంటే ట్యాంకుతో మునిగినప్పుడు, అలా ఊపిరి బిగబట్టే పైకి తేలితే ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. నిమిషానికి 9 మీటర్లు మించి పైకి రావద్దు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి.

గన్ తాడు చేతికి చుట్టుకోవద్దు. లోడింగ్ నీళ్లలోనే, పడవ ఎక్కేముందే అన్‌లోడ్.

ఆదివారం వచ్చేవాళ్లు జోడీ ఎవరో కూడా ఇక్కడే చెప్పండి.