దొందూ దొందే అనే ముందు

సంపాదకుడికి,

అయ్యా,

గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం కుడి, ఎడమ తీవ్రవాదాలను గుర్రపు నాడాతో పోల్చింది. నాడా రెండు కొనలు ఒకదానివైపు ఒకటి వంగినట్టే ఈ రెండూ చివరికి ఒక్కటవుతాయట. మన పెద్దలు ఈ సంగతిని ‘దొందూ దొందే’ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. అయితే ఆ కథలో ఆ మాట అన్నవాడికీ నత్తే. ఇద్దరినీ ఒకే గాటన కట్టేసి తాను మధ్యలో నిలబడ్డానని మురిసిపోయేవారిని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తుకొస్తుంది.

పోల్చవద్దని నేను అనను. చరిత్ర పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాడిని, పోల్చకుండా పాఠమే నడవదు. కానీ ఇద్దరూ ఒకే దేశంలో, ఒకే కాలంలో ఆయుధాలు పట్టిన చోటు ఎంచుకుని పోల్చాలి. అందుకు 1970ల నాటి ఇటలీని మించింది నాకు తెలియదు.

1969 డిసెంబర్ 12న మిలాన్ నగరంలో, పియాత్సా ఫోంతానా కూడలిలోని వ్యవసాయ బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. పోలీసులు వెంటనే అరాచకవాదులను, అంటే ఏ ప్రభుత్వమూ వద్దనే ఎడమవైపు వారిని, పట్టుకున్నారు. వారిలో జుసెప్పె పినెల్లి అనే రైల్వే కార్మికుడు మూడు రోజుల తర్వాత పోలీసు కార్యాలయం నాలుగో అంతస్తు కిటికీలోంచి పడి మరణించాడు. హత్యా కాదు, ఆత్మహత్యా కాదు, ఒంట్లో బాగోక తూలి పడ్డాడని 1975లో న్యాయమూర్తి తేల్చారు. నాకైతే అది మింగుడు పడలేదు. వాల్‌ప్రేదా అనే మరొకాయన సుమారు మూడేళ్లు జైల్లో ఉండి, చివరికి నిర్దోషిగా తేలాడు. బాంబు పెట్టినది కుడి తీవ్రవాదులైన నయా ఫాసిస్టులని అత్యున్నత న్యాయస్థానం చెప్పేసరికి 2005 వచ్చింది. బాధ్యులుగా అది పేర్కొన్న ఇద్దరూ అప్పటికే ఒకసారి నిర్దోషులుగా విడుదలైనవారు కనుక వారిని మళ్లీ విచారించే వీలే లేకపోయింది.

ఎడమ తీవ్రవాద ముఠా అయిన రెడ్ బ్రిగేడ్ల పద్ధతి వేరు. వారు పేరు ఎంచుకుని, ఆచూకీ తీసి, కాల్చి, ఎందుకు కాల్చామో కరపత్రం వేసేవారు. ఫ్యాక్టరీ అధికారులను, పాత్రికేయులను కాళ్ల మీద కాల్చేవారు. మీ వృత్తివారైన ఇంద్రో మొంతనెల్లి అనే సంపాదకుడికి 1977లో జరిగింది అదే. 1978 మార్చి 16న మాజీ ప్రధాని ఆల్దో మోరోను ఎత్తుకెళ్లారు, అంగరక్షకులు ఐదుగురినీ చంపారు. కమ్యూనిస్టుల మద్దతుతో ఏర్పడిన ప్రభుత్వం పార్లమెంటులో విశ్వాసం కోరాల్సిన రోజు అది. ఆ సయోధ్యను కుదిర్చినవారిలో మోరోయే ముఖ్యుడు. 55 రోజుల తర్వాత ఆయన శవం ఒక ఎర్ర కారు వెనుక అరలో దొరికింది.

వ్యాసకర్త చెప్పిన పోలిక ఇక్కడ కొంత నిజమే, ఒప్పుకుంటాను. ఓట్లతో, బేరసారాలతో నడిచే రాజకీయం ఇద్దరికీ గిట్టలేదు.

కానీ గూయిదో రోస్సాను ఆ నాడాలో ఎక్కడ పెడతారు? జెనోవా ఉక్కు కర్మాగారంలో కార్మికుడు, కార్మిక సంఘ ప్రతినిధి, కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. తోటి ఉద్యోగి ఒకడు రెడ్ బ్రిగేడ్ల కరపత్రాలు చేరవేస్తుంటే ఫిర్యాదు చేసి, కోర్టులో ఒక్కడే నిలబడి సాక్ష్యం చెప్పాడు. 1979 జనవరి 24 తెల్లవారుజామున ఆయన్ని కాల్చి చంపారు. దేశాధ్యక్షుడు పెర్తీనీ స్వయంగా అంత్యక్రియలకు వచ్చాడు. ఎడమ తీవ్రవాదం అంటే ఎడమ దారిలోనే ఇంకో నాలుగడుగులు ముందుకు వేయడం అనుకునేవారు ఈ మనిషి చావును ఎలా వివరిస్తారో నాకు అర్థం కాదు.

ఇక బొలోన్యా నగరం. 1980 ఆగస్టు 2, సెలవుల రద్దీ. ఉదయం 10 గంటల 25 నిమిషాలకు రైల్వే స్టేషన్‌లోని రెండో తరగతి నిరీక్షణ గదిలో, పెట్టెలో దాచిన బాంబు పేలి 85 మంది చనిపోయారు. వారిలో మూడేళ్ల పాప ఉంది. ఎవరు చావాలన్న ఎంపిక లేదు, ఎందుకో చెప్పే కరపత్రమూ లేదు. ఈ కేసులో కోర్టులు శిక్షించినవారు నయా ఫాసిస్టు ముఠా సభ్యులు. ప్రధాన ముద్దాయిలు ఇద్దరూ తమకు సంబంధం లేదనే చెబుతూ వచ్చారు. అంతకన్నా నన్ను కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. 1981 జనవరిలో ఒక రైలులో పేలుడు పదార్థాలున్న పెట్టె దొరికింది. దర్యాప్తును పక్కదారి పట్టించడానికి దాన్ని అక్కడ పెట్టించింది సైనిక గూఢచార సంస్థ అధికారులేనని కోర్టు తేల్చి, వారికి శిక్ష వేసింది.

నాడా బొమ్మలో కనిపించనిది ఇదే. రెండు కొనలు గీస్తాం, ఆ నాడా ఎవరి చేతిలో ఉందో గీయం. ఒకవైపు హంతకుల వెంట రాజ్యం పరుగెత్తింది. రెండోవైపు హంతకుల అడుగుజాడలను అదే రాజ్యంలోని కొందరు చెరిపారు. చనిపోయినవారికి ఈ తేడాతో పనిలేదు, నిజమే. న్యాయం కోసం కోర్టుల చుట్టూ పదుల ఏళ్లు తిరిగిన వారి కుటుంబాలకు మాత్రం ఉంది.

మీ వ్యాసకర్త నక్సలైట్ల మీద రాసినా, మతం పేరుతో జరిగే మూక హత్యల మీద రాసినా నాకు అభ్యంతరం లేదు. రెండూ ఒకే వ్యాసంలో రాసినా సరే. ఎవరు ఎవరిని చంపారు, కేసు ఎన్నేళ్లు నడిచింది, సాక్ష్యాలు ఎవరి చేతిలో మాయమయ్యాయి అన్న మూడు ప్రశ్నలకు జవాబులతో రాయమని నా మాటగా చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తెనాలి