మన పౌర సంఘం వార్షిక నివేదిక: అడిగినవి, వచ్చినవి, ఇంకా రావాల్సినవి

సభ్యులందరికీ నమస్కారం.

నెల్లూరు జిల్లా కలిగిరి, ఉదయగిరి వైపు మన మెట్ట పల్లెల్లో ఈ ఏడాది మన సంఘం పట్టుబట్టి చేసిన పని ఒక్కటే. ఏది అడిగినా కాగితం మీద అడగడం, రసీదు చేతికొచ్చేదాకా కౌంటరు దగ్గర్నుంచి కదలకపోవడం. ఆఫీసుకెళ్లి "సార్, కొంచెం చూడండి" అని దండం పెట్టి వస్తే అక్కడ మనం వచ్చినట్టు గుర్తు కూడా మిగలదు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది, ఆ నంబరుతో ఎవరి టేబుల్ మీద ఆగిందో అడగొచ్చు.

ముందు నీళ్ల సంగతి. మన పల్లెల్లో ఒకదానిలో ఓవర్‌హెడ్ ట్యాంకుకు రిపేరు చేసి బిల్లు కూడా తీసుకున్నట్టు రికార్డులో ఉంది. ట్యాంకు దగ్గరికెళ్లి చూస్తే పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి, కింద వాల్వు బోల్టులు చేత్తో తడిమితేనే తుప్పు రాలుతోంది. సమాచార హక్కు చట్టం కింద మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేటు, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు నకళ్లు అడిగాం. 30 రోజుల్లో ఇవ్వాల్సినవి ఇవ్వలేదు. మొదటి అప్పీలు వేశాకే ఎస్టిమేటు, బిల్లు వచ్చాయి, ఎం.బుక్ మాత్రం రాలేదు. బిల్లులో "కొత్త వాల్వు" అని స్పష్టంగా ఉంది. ఆ కాగితాన్ని మన ఆడవాళ్లు గ్రామసభలో గట్టిగా చదివి వినిపించారు. ఆ తర్వాతే వాల్వు మారింది, కానీ ముందు తీసుకున్న బిల్లు డబ్బు ఎటు పోయిందో ఇంకా తేలలేదు కాబట్టి గడువు 90 రోజులు దాటకుండా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పంపాం.

సమాచార హక్కు అంటే జిరాక్సులు తెచ్చుకోవడమే అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కాదు. 2005 నాటి ఆ చట్టంలోనే సెక్షన్ 2(జె) కింద జరుగుతున్న పనిని వెళ్లి చూసే హక్కు, సిమెంటు, ఇసుక లాంటి వాటి శాంపిల్ ధ్రువీకరించి ఇమ్మని అడిగే హక్కు కూడా ఉన్నాయి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద హక్కు మన చేతిలో ఉంటే వాడుకోకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఫ్లోరైడ్ పరీక్షల రిపోర్టులు కూడా అడుగుతున్నాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు, ఇది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన ప్రమాణం. మన బోరులో ఎంతుందో ఆ అంకె ఫైలులో దాచుకుంటే ఎవరికి ఉపయోగం, సచివాలయం గోడమీద రాయాలి.

గోడమీద రాతకు అంత బలం ఉంటుందా అని ఒక సభ్యుడు అడిగారు. ఉగాండాలో 1991-95 మధ్య బడులకు సర్కారు కేటాయించిన ఖర్చుల గ్రాంటులో సగటున 13 శాతమే బడులకు చేరిందని సర్వేలో బయటపడింది, మిగతాదంతా దారిలోనే ఆగిపోయింది. తర్వాత ఏ జిల్లాకు ఎంత పంపారో పత్రికల్లో అచ్చువేసి, బడి గోడలకు అంటించడం మొదలుపెట్టాక అది 80 శాతం దాటింది. మన దేశంలో కూడా రాజస్థాన్ పల్లెల్లో కూలీలు 1994 నుంచి జన సున్వాయిలు, అంటే ప్రజా విచారణ సభలు పెట్టి, పంచాయతీ బిల్లులు ఊరిముందు చదివించి, 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేస్తేనే ఈ సమాచార హక్కు చట్టానికి దారి పడింది. అంతదూరం ఎందుకు, దూబగుంట మన పక్కనే ఉంది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే కదా సారా కొట్టు మూయించింది, ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

రేషన్ విషయంలో ఈ ఏడాది ఎక్కువ టెన్షన్ పెట్టింది వేలిముద్రలు. జీవితమంతా కూలి పని చేసిన ఒక అవ్వకు వేళ్లమీద గీతలే మిగల్లేదు. ఈ-పాస్ మెషీన్ మీద బొటనవేలు పెట్టడం, తీసి చీర కొంగుతో తుడుచుకోవడం, మళ్లీ పెట్టడం, చివరికి ఖాళీ సంచితో ఇంటికి పోవడం. ఆధార్ పడలేదనో నెట్‌వర్క్ లేదనో అర్హుల రేషన్ ఆపకూడదని కేంద్రం 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు ఆదేశాలు ఇచ్చింది. ఆ సంగతి అర్జీలో రాసి ఇచ్చాం, ఇప్పుడు ఆమెకు బియ్యం అందుతున్నాయి. 2025 జూన్ నుంచి ఇంటింటికీ తిరిగే రేషన్ బండ్లు ఆగి మళ్లీ షాపుల దగ్గరే ఇస్తున్నారు గానీ, 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే తెచ్చివ్వాలి. మీ వీధిలో అలా ఇవ్వకపోతే సంఘానికి చెప్పండి.

దివ్యాంగుల పింఛన్ల రీ-వెరిఫికేషన్ నోటీసులు వచ్చినవాళ్లకు అప్పీళ్లు రాసిపెట్టాం, కొన్ని ఇంకా తేలలేదు. సంఘం జమాఖర్చుల పుస్తకం ఆఫీసులోనే ఉంటుంది, ఏ సభ్యుడైనా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు, సారాంశం మన నోటీసు బోర్డు మీద అంటించాం.

వచ్చే ఏడాదికి రెండు పనులు అనుకున్నాం. ఒకటి, ప్రతి పల్లెలో ఇద్దరు అమ్మాయిలకు దరఖాస్తు, అప్పీలు రాయడం నేర్పడం. రెండోది, గ్రామసభ తీర్మానాల పుస్తకం నకలు ప్రతిసారీ తీసుకోవడం, ఎందుకంటే సభలో ఒప్పుకున్నది పుస్తకంలో వేరేగా ఉన్న సందర్భాలు చూశాం. ట్యాంకు కేసులో కమిషన్ నుంచి విచారణ తేదీ రావాల్సి ఉంది. రిపేరుకు ముందు, తర్వాత తీసిన ఫొటోలు ఎవరి ఫోన్లో ఉన్నా ఈ నెలాఖరులోగా సంఘానికి పంపండి.