4 సార్లు “పరిష్కారమైన” నా ఫిర్యాదు గురించి

కస్టమర్ సర్వీస్ విభాగం పెద్దలకు,

మీ కంపెనీలో అలాంటి పెద్దలు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. 7 వారాలుగా నాతో మాట్లాడిన ప్రతి ఒక్కరూ “పైవాళ్లకు చెబుతాం సార్” అన్నారు కాబట్టి, పైన ఎవరో ఒకరు ఉండే ఉంటారని నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను.

రోడ్డు వేసే తారులో కలపడానికి మీ దగ్గర కొన్న కొబ్బరి పీచు బస్తాల్లో చెమ్మ చేరింది. పీచు ఉండలు కట్టింది. తారులో కలవలేదు. సరుకు సంగతి ఇంతే. మొక్కల నార అన్నాక గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎక్కడో నిల్వలో తేడా జరిగి ఉంటుంది, దానికి మిమ్మల్ని తిట్టను. నాకు ఒళ్లు మండింది ఆ తర్వాత జరిగిన భాగోతానికి.

మొదటి రోజు ఫోన్ ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. “మీ ఫైబర్ సరిగ్గా లేదమ్మా” అన్నాను. “మీ రౌటర్‌లో ఏ రంగు లైటు వెలుగుతోంది సార్?” అని అడిగింది. ఒకే కుర్చీలో కూర్చుని నాలుగు కంపెనీల తరఫున సమాధానాలు చెబుతారని నాకు అప్పుడే తెలిసింది. ఇది రోడ్డులో వేసే ఫైబర్ అని చెబితే, “రోడ్డు పనుల్లో కేబుల్ తెగిందా సార్?” అంది. ఆ అమ్మాయిని ఏమీ అనను. మీరు ఏం అమ్ముతున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రెండోసారి ఒక అబ్బాయి దొరికాడు. ఈసారి తప్పు నాది కాకూడదని మొదటి నుంచీ పాఠం చెప్పాను. ఎస్ఎంఏ అంటే స్టోన్ మ్యాట్రిక్స్ అస్ఫాల్ట్ అనే ఒక రకం తారు రోడ్డు బాబూ, 1960లలో జర్మనీలో మొదలైంది, అందులో పెద్ద కంకర ఒకదానికొకటి ఆనుకుని బరువు మోస్తుంది, మామూలు రోడ్డుకన్నా తారు ఎక్కువ పడుతుంది, ఆ తారు టిప్పర్‌లో వెళ్లేటప్పుడు కిందికి కారిపోకుండా పట్టుకోవడానికే పీచు వేస్తాం, టన్నుకు 3 కిలోలు వేస్తే సరిపోతుంది, కానీ ఆ 3 కిలోలూ విడివిడిగా పరుచుకోవాలి అని. అంతా ఓపిగ్గా విన్నాడు. “మీ సమస్య పూర్తిగా అర్థమైంది సార్, లైన్‌లో ఉండండి” అన్నాడు. 22 నిమిషాలు పాట విన్నాను. తర్వాత లైన్ కట్టయింది. సాయంత్రం మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

అలాంటి మెసేజ్‌లు ఇప్పటికి 4 వచ్చాయి. పరిష్కారం మాత్రం రాలేదు.

మూడోసారి ఫోన్ చేస్తే ఫొటోలు కావాలన్నారు. రోలర్ వెళ్లిన వెనకే రోడ్డు మీద తేలిన నల్లటి జిడ్డు మచ్చలవి, టిప్పర్ అడుగున పేరుకున్న తారువి, ఉండకట్టిన పీచువి, మొత్తం 31 ఫొటోలు పంపాను. 9 రోజుల తర్వాత జవాబు: “వాడిన బస్తా మీద లేబుల్, బ్యాచ్ నంబరు స్పష్టంగా కనిపించే ఫొటో జతచేయలేదు కాబట్టి మీ అభ్యర్థనను తిరస్కరిస్తున్నాం.” అయ్యా, మీ పీచు వచ్చేది ప్లాస్టిక్ సంచిలో. ఆ సంచిని విప్పకుండా అలాగే పగ్‌మిల్‌లో, అంటే కంకర, తారు కలిపే యంత్రంలో పడేయాలని, 160 డిగ్రీల వేడి కంకరలో అది కరిగిపోతుందని మీ కరపత్రంలో మీరే గొప్పగా రాసుకున్నారు. కరిగింది. ఆ ఒక్కటీ మీరు చెప్పినట్టే జరిగింది. లేబుల్‌తో సహా కరిగింది.

ఈ మాటే చెబితే నన్ను “టెక్నికల్ నిపుణుడి”కి అప్పగించారు. ఆయన చెప్పిన సలహా మా ప్లాంటులో కుర్రాళ్లకు చెబితే వాళ్లు ఇప్పటికీ నవ్వుతున్నారు. కంకరతోపాటు పీచును కూడా డ్రమ్ములో ఆరబెట్టాల్సిందట! డ్రమ్ములో మంట ఉంటుంది. అందులో కొబ్బరి పీచు వేస్తే మిగిలేది బూడిద. ఆయన జన్మలో హాట్ మిక్స్ ప్లాంటు చూడలేదని ఆ ఒక్క ముక్కతో తెలిసిపోయింది. చివర్లో, “ఇలాంటి ఇబ్బంది లేకుండా మా పెల్లెట్లు, అంటే పీచు గుళికలు కొనండి సార్, వాటికైతే ఆఫర్ ఉంది” అన్నాడు. కాలిన చోట కారం చల్లడం అంటే ఇదే.

ఇక మీ సేల్స్ ఆయన. ఆర్డరు కోసం నెలకు మూడుసార్లు “అన్నా” అంటూ ఫోన్ చేసేవాడు. ఇప్పుడు నా నంబరు చూస్తే ఎత్తడు. పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో గుడ్ మార్నింగ్ మాత్రం తప్పకుండా పంపుతాడు.

11 ఏళ్లుగా మీ పీచే వాడాను. మొదట్లో తోటి కాంట్రాక్టర్లు “రోడ్డు వేస్తున్నావా, తాళ్లు పేనుతున్నావా” అని ఎగతాళి చేశారు. ఖనిజ నార వాడొచ్చు కదా, ఆ గడ్డీ గాదం నీకెందుకు అన్నారు. చెట్టు నుంచి వచ్చింది, పారేసే పీచుకు ఒక విలువ వస్తోంది, పని కూడా బాగా చేస్తోంది అని మీ తరఫున నేను వాదించాను, జీతం లేకుండా. వాళ్లలో ముగ్గురు నా మాట విని మీ దగ్గరే కొన్నారు. ఆ ముగ్గురికీ ఇప్పుడు ఏం చెప్పమంటారు?

జిడ్డు తేలిన ముక్క మొత్తాన్ని ఇంజనీరు గారు తవ్వించేశారు. ఆ ఖర్చు, మళ్లీ వేసిన ఖర్చు నాదే. అది మీరు భరించాలి, మిగిలిన బస్తాలు మార్చాలి, కాదనను. కానీ మొదట ఒక మనిషిని పంపండి. పగ్‌మిల్‌కూ పిండిమరకూ తేడా తెలిసిన మనిషి అయితే చాలు. వచ్చి చూసి, “తప్పు మీదే” అని మొహం మీద చెప్పినా వింటాను. కనీసం ఎవరో ఒకరు చూశారని ఉంటుంది.

నిన్న మీ దగ్గర నుంచి కొత్త ఫారం వచ్చింది. “వాడిన సరుకును 7 రోజుల్లోగా ఒరిజినల్ ప్యాకింగ్‌లో వాపసు చేయాలి” అట. సంతోషం. వాడిన సరుకు తవ్వి తీసిన పెళ్లల రూపంలో మా యార్డులోనే కుప్పగా ఉంది, కంకర, తారు, పీచు అన్నీ కలిపి. ప్యాకింగ్ కూడా అందులోనే కరిగి ఉంది కాబట్టి నిబంధన తప్పినట్టు కాదు. నాలుగు టిప్పర్లు సరిపోతాయి. 7 రోజుల్లో ఎవరూ రాకపోతే ఎనిమిదో రోజు పొద్దున మీ ఆఫీసు గేటు ముందు దింపిస్తాను. ఆ తర్వాత లాయరు నోటీసు ఎటూ వస్తుంది.

వాపసు తీసుకున్నట్టు సంతకం పెట్టడానికి ఆ రోజు గేటు దగ్గర ఎవరినైనా ఉంచండి. స్టార్లు కూడా అప్పుడే ఇస్తాను.

ఇట్లు,
మీ రికార్డుల్లో “పరిష్కరించబడిన కస్టమర్”