యార్క్ మిన్‌స్టర్ కిటికీల కోసం మన సంఘం కానుక: కుటుంబాలకు విజ్ఞప్తి

ప్రియమైన సంఘ కుటుంబాలకు ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరపు పెద్ద కేథడ్రల్ యార్క్ మిన్‌స్టర్ మరమ్మతులకు కోత పండుగ ఆదివారం లోపు 5,000 పౌండ్లు ఇద్దామని వేసవి కూడికలో అందరం చేతులెత్తి ఒప్పుకున్నాం. పండుగ దగ్గరికొచ్చేసింది, చేతికందింది సగం కూడా లేదు. లెక్క ట్రెజరర్ గారి దగ్గరుంది, ఎవరైనా చూసుకోవచ్చు. కమిటీలో మాకైతే నిద్ర పట్టడం లేదు.

"మనకే సొంత గుడి లేదు, అద్దె హాల్లో ఆరాధించుకుంటున్నాం, అంత పెద్ద కేథడ్రల్‌కు మనం ఇవ్వడమేంటి?" అని కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. కానీ అంత పెద్ద గుడి ఏనాడూ ప్రభుత్వ జీతం మీద నిలబడలేదు. 627లో ఉత్తర ఇంగ్లండ్‌ను ఏలిన ఎడ్విన్ రాజు ఈస్టర్ నాడు బాప్తిస్మం తీసుకున్నది యార్క్‌లోనే, అందుకోసం కట్టిన చిన్న కొయ్య గుడిలో. ఇప్పుడు మనం చూసే రాతి గుడి పని 1220 ప్రాంతంలో మొదలై 1472లో ప్రతిష్ఠ దాకా సాగింది. మొదటి రాయి పెట్టినవాళ్ల మునిమనవలు కూడా పూర్తయిన గుడిని చూడలేదు. 1407లో నడిమి గోపురం కూలితే మళ్లీ కట్టారు. 1967లో ఆ గోపురం పునాదులు కుంగుతున్నాయని తేలితే, ప్రజలు ఇచ్చిన విరాళాలతో కాంక్రీటు, స్టీలు కడ్డీలు వేసి నిలబెట్టారు. వెడల్పు మరీ ఎక్కువ కావడంతో లోపలి కప్పును రాతితో కాక కొయ్యతో వేశారు. అందుకే ఈ గుడికి నిప్పంటే అంత గండం. 1984 జూలైలో దక్షిణం వైపు కప్పు కాలిపోయింది కూడా. తిరిగి కట్టినప్పుడు కప్పు మీది చెక్కడాల్లో కొన్నింటికి బొమ్మలు గీసిచ్చింది పిల్లలే.

తూర్పు కిటికీ గురించి మీకు చెప్పక్కర్లేదు. 1405 నుంచి 1408 వరకు జాన్ థోర్న్‌టన్ అనే గాజు పనివాడు ఆదికాండాన్నీ ప్రకటన గ్రంథాన్నీ గాజులో చూపించాడు. నా మనసంతా ఉత్తరం వైపున్న "ఐదుగురు అక్కచెల్లెళ్ల" కిటికీ మీదే ఉంది. దాదాపు 1260 నాటిది. కొనదేలిన కమానులతో ఐదు సన్నని కిటికీలు పక్కపక్కనే, ఒక్కోటి 16 మీటర్ల ఎత్తు. లక్షకు పైగా గాజు ముక్కలు, ఎక్కువగా బూడిద, ఆకుపచ్చ ఛాయల్లో. మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో ఆ గాజంతా విప్పి దాచారు. తిరిగి బిగించడానికి డబ్బు లేకపోతే స్త్రీలు పూనుకున్నారు. దాదాపు 32,000 మంది తలా కొంచెం వేసి, కొన్ని వారాల్లోనే సొమ్ము పోగుచేశారు. గాజు ముక్కల్ని అతికించడానికి రీవో మఠం శిథిలాల్లో దొరికిన పాత సీసం వాడారు. 1925లో ఆ కిటికీని, యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న స్త్రీల జ్ఞాపకార్థం ప్రతిష్ఠించారు. దగ్గర్లోనే ఓక్ పలకల మీద వాళ్ల పేర్లున్నాయి. వాళ్లలో నర్సులూ ఉన్నారు. నైట్ డ్యూటీలు చేసొచ్చి ఆదివారం ఆరాధనకు కూర్చునే మన ఆడపిల్లలకు ఆ పేర్లు పరాయివెలా అవుతాయి?

మెదక్ చర్చిని తలచుకోండి. కరువు రోజుల్లో మన పెద్దలు రాళ్లు మోసి, ఆ పనితో కడుపు నింపుకుని కట్టిన గుడి అది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. అవే కొనదేలిన కమానులు, అవే రంగుటద్దాల కిటికీలు. ఇంగ్లండ్‌లో మన ముఖం కూడా చూడని విశ్వాసులు దానికి కానుకలు పంపారు. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి గుడికి దాచిన అమ్మల పిల్లలం మనం. క్రిస్మస్ డిన్నర్‌కు రెండు రోజుల్లో డబ్బు పోగైంది, చాలా సంతోషం. ఆ చేతులే ఇప్పుడెందుకు వెనకాడుతున్నాయో అర్థం కావడం లేదు.

హాలు డిపాజిట్, పిల్లల యాత్ర సంగతి కమిటీ మరచిపోలేదు. అవి పండుగ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ మాట నిలబెట్టుకోవాలి. మన కానుకను గాజు పనికే వాడమని ఉత్తరంలో రాసిస్తాం.

ఇంత ఇవ్వాలని ఎవరికీ చెప్పడం లేదు. ఐదు పౌండ్లయినా కవరులో పెట్టి పేరు రాసివ్వండి. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ ఫారం తప్పక నింపండి, మీరిచ్చే ఒక్కో పౌండుకు ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు అదనంగా కలుస్తాయి. వచ్చే రెండు ఆదివారాలూ ఆరాధన అయ్యాక ట్రెజరర్ గారు టీ బల్ల దగ్గరే ఉంటారు, రసీదు అప్పుడే ఇస్తారు. డ్యూటీ వల్ల రాలేనివాళ్లు ఒక్క మెసేజ్ పెట్టండి, మేమే ఇంటికొస్తాం.

ప్రభువు సేవలో,
కమిటీ తరఫున, కార్యదర్శి