తిరుపతి లెక్కలో చుట్టుపక్కల ఊళ్ల పేర్లు నిలవాలి

సంపాదకులకు నమస్కారములు.

1130 ఫిబ్రవరి 24న రామానుజాచార్యులవారు తిరుపతికి పునాది వేశారని చెబుతూ 2022లో ఊరి పుట్టినరోజు జరిపినప్పుడు, గోవిందరాజస్వామి మాడవీధుల్లో పెరిగినవాడిగా నేను ఎంతో సంతోషించాను. చిదంబరం నుంచి తరలివచ్చిన గోవిందరాజస్వామిని ఇక్కడ ప్రతిష్ఠించి, గుడి చుట్టూ వీధులు తీర్చడంతోనే దిగువ తిరుపతి పట్టణంగా రూపు దిద్దుకుందనడంలో సందేహం లేదు. కానీ అంతకు ముందు ఇక్కడ జనమే లేరన్నట్టు ఆ కథను చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తున్నది. గోవిందరాజస్వామి ఆలయ ప్రాంగణంలోనే ఉన్న పార్థసారథి సన్నిధి అంతకన్నా పాతది. కపిలతీర్థం దారిలో కొత్తూరు అనే ఊరు ఉండేదనీ, జనం అక్కడి నుంచే గుడి చుట్టూకి మారారనీ పెద్దలు చెబుతారు. ఇక తిరుచానూరైతే 9వ శతాబ్దిలో, పల్లవుల కాలపు శాసనంలోనే ఊరుగా కనిపిస్తుంది.

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణం రాబోయే జనగణన. 1901లో ఉత్తర ఆర్కాటు జిల్లాలోని చిన్న పట్టణమైన తిరుపతి జనాభా 15,485. 1886లోనే పురపాలక సంఘం ఏర్పడినా, ఊరు దాటితే చెరువులు, వరిమళ్లు, పల్లెలే. 1944లో కొండకు ఘాట్ రోడ్డు, 1954లో విశ్వవిద్యాలయం వచ్చాక ఊరు పెరిగిన తీరు అందరికీ తెలిసిందే. 2011 లెక్కల్లో నగరం జనాభా 2,87,035 కాగా, తిరుచానూరు, అవిలాల వంటి ఊళ్లను కలుపుకున్న నగర సముదాయం జనాభా 4,59,985. అంటే సుమారు 1,73,000 మంది, తిరుపతిలో పనిచేస్తూ, తిరుపతిలోనే బిడ్డలను చదివించుకుంటూ కూడా, నగరం లెక్కకు వెలుపల ఉన్నారు.

మా మేనత్తగారి ఇల్లు అవిలాలలో ఉంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు పుట్టింటి సారె ఆ ఊరి నుంచే వస్తుంది. కైకాల కులస్థులు పసుపు, కుంకుమ, చీర తలమీద పెట్టుకుని, మేళంతో గుడికి తెచ్చే ఆ సారెను చిన్నప్పటి నుంచీ వీధి అరుగు మీద నిలబడి చూస్తున్నాను. చాటింపు వేసిన రాత్రి నుంచి జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదన్న కట్టుబాటును మా ఇంట్లో ఇప్పటికీ పాటిస్తాం. అమ్మవారికి పుట్టిల్లయిన ఊరు కాగితాల మీద మాత్రం తిరుపతికి పొరుగూరుగా మిగలడం సమంజసమేనా అని అత్తయ్య అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది.

అలాగని ఊళ్లన్నింటినీ కలిపేసి వార్డు నంబర్లుగా మార్చమని నేను కోరడం లేదు. నిజానికి నాకు భయం అదే. నంబరు వచ్చిన చోట పేరు పోతుంది. మా వీధిలో ఇరవై ఏళ్ల కుర్రవాణ్ని కొత్తూరు ఎక్కడని అడిగితే తెలియదన్నాడు. పరిపాలన సౌకర్యం కోసం హద్దులు ఎలా మార్చినా, ఆ నంబరు పక్కన పాత ఊరి పేరు రాయడానికి ఖర్చేమీ కాదు.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణికంగా తీసుకుని జరగనున్నది. కనుక నగరం జనాభాను, సముదాయం జనాభాను విడివిడిగానూ, పక్కపక్కనే కూడా ప్రకటించాలనీ, వార్డుల పట్టికల్లో పాత ఊరి పేర్లు ఉంచాలనీ సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పుట్టినరోజు సభలు జరిపే పెద్దలకు మరొక విన్నపం: గోవిందరాజస్వామి గోపురం దగ్గర ఊరి చరిత్ర తెలిపే పలక ఒకటి పెట్టి, అందులో రామానుజులవారి పేరుతో పాటు తిరుచానూరు, కొత్తూరు, అవిలాల పేర్లు కూడా తెలుగులో చెక్కించండి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి