వింత పక్షులు కావు మహాప్రభో!

సంపాదకులకు,

గత వారం మీ జిల్లా పేజీలో ‘వింత పక్షుల కలకలం’ అంటూ నాలుగు కాలమ్‌ల ఫొటోతో వేసిన వార్త సంగతి. తమలపాకు ఆకారంలో తెల్లటి ముఖం, నల్లటి కళ్లు కనిపిస్తూనే ఉన్నాయి కదా! అవి ‘బార్న్ ఔల్’ అనే జాతి గుడ్లగూబ పిల్లలు. 2017లో విశాఖలో ఇలాంటి పిల్లల్నే వీడియో తీసి గ్రహాంతరవాసులని ఊరేగించారు. ఇన్నేళ్లయినా మనం అక్కడే ఉన్నాం.

పాత ధాన్యం గోదాములోంచి రాత్రిళ్లు బుసలు వినిపిస్తున్నాయని, ఊరికి కీడని జనం వణికిపోతున్నారని రాశారు. ఆ బుసలు పిల్లలు మేత కోసం పెట్టే గోల. ఈ జాతి పెద్దయ్యాక కూడా కీచుమంటుందే గానీ ‘ఊ ఊ’మని కూయదు. చెవులు ఒకటి కాస్త ఎగువన, ఒకటి దిగువన ఉండబట్టి చిమ్మచీకట్లో కూడా చప్పుడును బట్టే ఎలుకను పట్టేస్తుంది. నేలమీది నల్లటి ఉండలు చేతబడివట! నేనొకటి పుల్లతో విప్పి చూశాను: బొచ్చు, సన్నటి ఎముకలు, రెండు ఎలుక పుర్రెలు. అరగనిదాన్ని గూబ అలా కక్కేస్తుంది.

పోనీ శకునమే రాయాలనుకుంటే అదైనా సరిగా రాయాలి. దక్షిణాది శకునాల మీద 1912లో పుస్తకం వేసిన థర్‌స్టన్ దొర లెక్కలో ఒక్క కూతకు చావు, రెండైతే తలపెట్టిన పని జయం, మూడైతే ఇంటికి కొత్త కోడలు, ఆరైతే చుట్టాలు, తొమ్మిదైతే శుభం. మీ విలేకరి ఎన్ని కూతలు లెక్కపెట్టారో?

వార్త వచ్చిన మర్నాడే పంచాయతీవారు శాంతి చేయించి, గోదాము కన్నాన్ని సిమెంటుతో మూయించారు. వీధి దీపాలు పగలంతా వెలిగి పొద్దుగూకగానే ఆరిపోతున్నాయని ఏడాదిగా మొత్తుకుంటుంటే దొరకని మేస్త్రీ దీనికి ఒక్క పూటలో దొరికాడు! 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం గూళ్ల జోలికి వెళ్లడం నేరమని చెబుదామంటే అటవీ అధికారులు ఫోనెత్తరు.

ఇంకో చిత్రం. రాత్రిపూట గూబలు వాలి ఎలుకల్ని పట్టడానికి పొలంలో కర్రలు పాతమని వ్యవసాయాధికారులు చెబుతారు. వాళ్లే నూకల్లో నూనె, బ్రోమడయొలోన్ అనే ఎలుకల మందు కలిపి ఎలుకలకు పెట్టమంటారు. ఆ మందు తిన్న ఎలుకను తింటే గూబకూ ముప్పే. బతికి బయటపడ్డదాని గూడు పంచాయతీ మూసేస్తుంది. దాళ్వా (రబీ) వరిలో దుబ్బులు కొరికేసిన ఎలుకలకు మాత్రం అన్ని శాఖల అండా ఉంది.

ఒకప్పుడు మీ పత్రికలో తెలియనిది వేయాల్సొస్తే దగ్గర్లోని కాలేజీ జువాలజీ మాస్టారిని అడిగేవారు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకి ‘కలకలం’ తగిలిస్తే వార్త అయిపోతోంది. సవరణ వేయండి, అదీ ఆ నాలుగు కాలమ్‌లలోనే. కన్నం మూసేటప్పుడు ఆ పిల్లలు లోపలున్నాయో బయటున్నాయో కూడా కనుక్కుని రాయించండి.

— ఒక పాఠకుడు, కోనసీమ